తొమ్మిది క్యాంపుల పిలుపులు, జూన్‌లో ఒక పెళ్లి

ప్రశ్న: మేము అమెరికాలో జార్జియా రాష్ట్రం ఆల్ఫారెట్టాలో ఉంటున్నాం. మా అబ్బాయి పదకొండో తరగతి చదువుతున్నాడు, స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ ప్రధాన జట్టులో (వర్సిటీ) కిక్కర్, అంటే బంతిని కాలితో తన్నే ఆటగాడు. చిన్నప్పటి నుంచి సాకర్ ఆడేవాడు. తొమ్మిదో తరగతిలో స్కూల్ కోచ్ చూసి ఇటు తిప్పారు. మ్యాచ్‌లో 44 గజాల ఫీల్డ్ గోల్ కొట్టాడు, అంటే అంత దూరం నుంచి బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపాడు. జీపీఏ 3.8. జనవరి నుంచి తొమ్మిది కాలేజీల ఫుట్‌బాల్ క్యాంపులకు ఆహ్వానాలు వచ్చాయి, ఒకదానిపై హెడ్ కోచ్ సంతకం కూడా ఉంది. అన్నీ జూన్‌లోనే. ఫీజులు, విమానాలు, హోటళ్లు కలిపితే నాలుగు వేల డాలర్లు దాటుతోంది. జూన్ చివర్లో గుంటూరులో మా మేనకోడలి పెళ్లి ఉంది, వీడేమో పెళ్లికి రానని, క్యాంపులకే వెళతానని పట్టుబడుతున్నాడు. ఇవి నిజంగా స్కాలర్‌షిప్ తెచ్చిపెడతాయా? మాకు గ్రీన్ కార్డులు రెండేళ్ల కిందట వచ్చాయి.

జవాబు: ముందు ఆ సంతకం సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో సగం బరువు దాని మీదే ఉంది. కాలేజీలు తమ వేసవి క్యాంపుల ప్రకటన పత్రాలను ఏ తరగతి విద్యార్థికైనా ఎప్పుడైనా పంపుకోవచ్చు. ఒక కోచ్ ఒక ఆటగాడికి రిక్రూటింగ్ (జట్టులోకి తీసుకోవడం) గురించి స్వయంగా ఉత్తరమో, మెసేజో పంపాలంటే మాత్రం, కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంఘం మొదటి డివిజన్ (పై స్థాయి) నిబంధనల ప్రకారం ఆ విద్యార్థి పదకొండో తరగతిలో సెప్టెంబరు 1 వచ్చేదాకా ఆగాలి. మీ అబ్బాయి విషయంలో ఆ తేదీ ఎప్పుడో దాటిపోయింది కనుక, నిజంగా ఆసక్తి ఉన్న కోచ్ వాడి ఫోన్‌కు నేరుగా మెసేజ్ పెట్టడానికి ఇప్పుడు ఏ అడ్డూ లేదు. అలాంటి మెసేజ్ ఏదీ రాకుండా రంగుల కాగితం ఒక్కటే వచ్చిందంటే, దాన్ని క్యాంపు నింపుకోవడానికి వేసిన ప్రకటనగానే లెక్క వేసుకోండి. ఈ క్యాంపులు ఫీజు కట్టే ప్రతి ఒక్కరికీ తెరిచి ఉండాలనీ, మొత్తం సంఖ్య, వయసు, తరగతి, ఆడా మగా అన్న భేదం తప్ప మరే వడపోతా పెట్టకూడదనీ, బాగా ఆడతాడని ఒకరికి ఫీజు తగ్గించకూడదనీ కూడా నియమాలున్నాయి. మన ఊళ్లలో పదో తరగతి ఫలితాలు రాకముందే ఇంటర్ కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చి, "మీ వాడికి ప్రత్యేకంగా రాయితీ" అని వీధిలో ప్రతి గడపలోనూ చెప్పి వెళ్లడం మీకు గుర్తుండే ఉంటుంది. కోచ్ సంతకంతో వచ్చిన ఆ ఆహ్వానం కూడా ఆ తరహాదే. మోసం అనను, కానీ ఎంపిక అని కూడా అనలేను.

అయితే క్యాంపులన్నీ దండగ అని నా ఉద్దేశం కాదు. ఏ క్యాంపు ఎందుకు పుట్టిందో తెలిస్తే ఏది మీకు పనికొస్తుందో తేలుతుంది, ఆ కథలో కొంత భాగం మీ పరిసరాల్లోనే జరిగింది. పెద్ద స్థాయి కాలేజీ జట్లు తమ రాష్ట్రం దాటి, క్యాంపస్‌కు 50 మైళ్లకు అవతల సొంత క్యాంపు పెట్టకూడదన్నది పాత నియమం. వేరొకరు పెట్టిన క్యాంపులో అతిథులుగా వెళ్లి శిక్షణ ఇవ్వకూడదని మాత్రం అందులో లేదు. 2014 వేసవిలో పెన్ స్టేట్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ తన బృందంతో అట్లాంటాలోని జార్జియా స్టేట్ క్యాంపుకు వచ్చింది ఆ సందులోంచే. మరుసటి ఏడాది మిషిగన్ కోచ్ జిమ్ హార్బా అలబామా, ఫ్లోరిడా, టెక్సస్ సహా పలు రాష్ట్రాలు చుట్టేసరికి ఈ శాటిలైట్ క్యాంపులు దేశమంతటా రచ్చకెక్కాయి. దక్షిణాది జట్ల సమాఖ్య ఎస్‌ఈసీ తన కోచ్‌లను అలా వెళ్లనిచ్చేది కాదు కాబట్టి, తమ పెరట్లోని ఆటగాళ్లను ఉత్తరాది వాళ్లు ఎత్తుకుపోతున్నారని అక్కడి కోచ్‌లు మండిపడ్డారు. 2016 ఏప్రిల్ 8న ఎన్‌సీఏఏ కౌన్సిల్ ఈ క్యాంపులను నిషేధించింది, సరిగ్గా ఇరవై రోజులకు, ఏప్రిల్ 28న, బోర్డు ఆ నిషేధాన్ని ఎత్తివేసింది.

ఆ ఇరవై రోజుల్లో వచ్చిన అభ్యంతరాల్లో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. నిషేధం వల్ల ఎక్కువ నష్టం మిషిగన్‌కు కాదు, విమాన ఖర్చులు పెట్టి దేశమంతా తిరగలేని చిన్న కాలేజీలకూ, ఆ కాలేజీల కంట పడితే తప్ప చదువుకు డబ్బు దొరకని పిల్లలకూ అని చాలామంది వాదించారు. పెద్ద పేరున్న జట్టు క్యాంపు పెడితే మూడు నాలుగు వందల మంది కుర్రాళ్లు వస్తారు. ఆ జట్టుకు కావలసినవాళ్లు వాళ్లలో ఎందరుంటారో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, మిగిలినవాళ్లను చూసుకునేది అక్కడ సహాయకులుగా పనిచేయడానికి వచ్చిన చిన్న కాలేజీల కోచ్‌లే. 2017లో నియమాలు మళ్లీ మారాయి. పెద్ద స్థాయి కోచ్‌లు వేసవిలో పది రోజులకు మించి క్యాంపుల్లో పనిచేయకూడదన్నారు, ఆ క్యాంపులు కూడా కాలేజీ ప్రాంగణంలోనో, ఆ కాలేజీ మామూలుగా ఆడుకునే మైదానంలోనో జరగాలన్నారు. దానికి బదులుగా క్యాంపుకు వచ్చిన ఆటగాడితో అక్కడే రిక్రూటింగ్ విషయాలు మాట్లాడవచ్చని అనుమతించారు. ఇవాళ ఒక మాదిరి కాలేజీ మైదానంలో పాతిక కాలేజీల టీషర్టులు ఒకేచోట కనబడే మెగా క్యాంపు పద్ధతి బలపడింది ఈ మార్పుల తర్వాతే. అందుచేత మీ తొమ్మిది కాగితాలనూ ముందు వేసుకొని చూడవలసింది పైన ఉన్న పెద్ద పేరును కాదు. ఆ రోజు అక్కడ ఏయే కాలేజీల కోచ్‌లు పనిచేయబోతున్నారో, వాళ్లలో స్పెషల్ టీమ్స్ (కిక్కర్లు ఉండే విభాగం) చూసేవారు ఎవరో అడిగి తెలుసుకోండి. ఆ జాబితా చెప్పలేని క్యాంపును పక్కన పెట్టేయండి.

కిక్కర్ల విషయంలో మరో చిక్కు ఉంది, అది నేను కళ్లారా చూశాను. ఒక విద్యార్థి కుటుంబంతో కలిసి అలాంటి క్యాంపుకు వెళ్లాను. ఉదయం ఎనిమిదింటికి బల్ల దగ్గర పేరు రాయించుకున్నాక ఎత్తు, బరువు, చేతుల పొడవు కొలిచి, టీషర్టు మీద నంబరు అంటించి, అందరినీ 40 గజాల పరుగు తీయించారు. తర్వాత స్థానాల వారీగా విడదీసినప్పుడు లైన్‌మెన్, రిసీవర్లు ఉన్నవైపు కోచ్‌లు గుంపుగా నిలబడ్డారు. కిక్కర్లను మాత్రం అవతలి చిన్న మైదానానికి పంపారు. అక్కడ ముప్పై మందికి పైగా కుర్రాళ్లు, స్టాప్‌వాచ్ పట్టుకున్న ఒక కోచ్, బంతులు ఏరి తెచ్చే ఇద్దరు విద్యార్థులు. మూడు గంటల్లో ఒక్కొక్కరికి దక్కినవి పన్నెండు కిక్కులు. నా వెంట వచ్చిన కుర్రాడు మొదటి మూడూ నేలబారుగా కొట్టాడు. కారణం చిన్నదే. హైస్కూల్లో ఫీల్డ్ గోల్‌కు బంతి కింద రెండు అంగుళాల దాకా ఎత్తు దిమ్మ పెట్టుకోనిస్తారు, కాలేజీ ఆటలో 1989 నుంచి దిమ్మ లేదు, బంతి నేల మీదే ఉంటుంది. వాడు అంతకుముందు నెల రోజులూ దిమ్మ మీదే సాధన చేశాడు. ఏడో కిక్కుకు సర్దుకున్నాడు గానీ, అప్పటికి కోచ్ అట్ట మీద రాసుకోవలసింది రాసేసుకున్నాడు. మీ అబ్బాయి ఇవాళే ఆ దిమ్మను తీసి గ్యారేజీలో పడేయాలి; నేల మీద నుంచి కొట్టిన కిక్కులనే వీడియో తీయాలి. 44 గజాల కిక్కు దిమ్మ మీదదైతే, కాలేజీ కోచ్ దానికి సగం మార్కులే వేస్తాడు.

ఇక డబ్బు మాట. దేశంలో పది లక్షల మందికి పైగా హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఇటీవలి దాకా అగ్రశ్రేణి జట్టు ఒక్కొక్కటి 85 మందికి, దాని కింది ఎఫ్‌సీఎస్ జట్టు 63 మందికి సమానమైన స్కాలర్‌షిప్‌లు ఇవ్వగలిగేది. రెండో డివిజన్‌లో 36, మూడో డివిజన్‌లోనూ ఐవీ లీగ్‌లోనూ ఆటకంటూ ఒక్కటీ లేదు. ఆ ఉన్నవాటిలో కిక్కర్ల వాటా ఎప్పుడూ తక్కువే. చాలామంది కిక్కర్లు స్కాలర్‌షిప్ లేకుండా వాక్ ఆన్‌గా చేరి, ఏడాది రెండేళ్లు నిరూపించుకున్నాక ఏదైనా అందుకున్నవాళ్లు. కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో కుదిరి, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందంతో ఈ లెక్కే మారింది. దానికి లోబడిన కాలేజీల్లో స్కాలర్‌షిప్‌ల సంఖ్యకు ఉన్న పరిమితి పోయి, జట్టులో మొత్తం 105 మందే ఉండాలన్న పరిమితి వచ్చింది. పైకి ఉదారంగా కనబడే ఈ మార్పు వాక్ ఆన్‌ల మెడకే చుట్టుకుంది, ఎందుకంటే వాళ్లకోసం ఒకప్పుడు విశాలంగా ఉన్న బెంచీ ఇప్పుడు కుదించుకుపోయింది. దీనికి తోడు ఆటగాళ్లు ఒక కాలేజీ నుంచి మరో కాలేజీకి మారేందుకు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది. మూడేళ్లు కాలేజీలో ఆడి నిలదొక్కుకున్న కిక్కర్ దొరుకుతుంటే, కొత్తగా వచ్చే పద్దెనిమిదేళ్ల కుర్రాడి మీద పందెం కాయడానికి పెద్ద జట్టు వెనుకాడుతుంది. అందువల్ల మీ వాడికి అనువైన తలుపులు ఎఫ్‌సీఎస్‌లో, రెండో, మూడో డివిజన్లలో ఉన్నాయని నా అంచనా.

మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన 3.8 జీపీఏ నాకు ఆ 44 గజాల కన్నా విలువైనదిగా కనబడుతోంది. జార్జియా రాష్ట్రం ఇచ్చే జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌కు రాష్ట్రం లెక్కకట్టే పద్ధతిలో 3.7 జీపీఏ, ఒకే సిటింగ్‌లో 1200 శాట్ స్కోరు, కొన్ని కఠినమైన కోర్సులు కావాలి. అది వస్తే రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు తీరిపోతుంది. పౌరులతో పాటు గ్రీన్ కార్డు ఉన్నవారూ అర్హులే కనుక మీకు ఆ దారి తెరిచే ఉంది, అయితే నివాస కాలం లెక్కను స్కూల్ కౌన్సిలర్‌తో ఇప్పుడే సరిచూసుకోండి. పక్క రాష్ట్రంలో సగం స్కాలర్‌షిప్ కోసం పరుగెత్తడం కన్నా, కెన్నెసా స్టేట్‌లోనో, క్యారల్టన్‌లోని వెస్ట్ జార్జియాలోనో, వాల్డోస్టాలోనో ట్యూషన్ బాధ లేకుండా వాక్ ఆన్‌గా చేరడం మీ కుటుంబానికి ఖర్చు తగ్గించే పని. ఆ మాట కోచ్‌కూ నచ్చుతుంది, తన డబ్బులో ఒక్క డాలర్ అడగని కిక్కర్ అతనికి బరువు కాదు.

మొదటి డివిజన్‌లో ఆడాలంటే 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, గణితం, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. ఆ పదహారు కోర్సుల్లో పదింటిని, పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తి చేయాలన్న షరతును చాలామంది చివరి నిమిషంలో తెలుసుకుంటారు. మీ వాడి మార్కులకు ఇది ఇబ్బంది కాకపోవచ్చు, అయినా ఎన్‌సీఏఏ అర్హత కేంద్రంలో ఖాతా తెరిచి కోర్సుల జాబితా చూసుకోండి.

ఇప్పుడు చేయవలసిన పని. రెండు నిమిషాలకు మించని వీడియో ఒకటి తయారు చేయించండి, ప్రతి కిక్కుకూ దూరం, అది మ్యాచ్‌లోదా సాధనలోదా అన్నది తెర మీద రాయించండి. దాన్ని జార్జియాలోనూ పక్క రాష్ట్రాల్లోనూ ఉన్న పన్నెండు పదిహేను కాలేజీల స్పెషల్ టీమ్స్ కోచ్‌లకు మీ అబ్బాయే పంపాలి, మీరు కాదు. తండ్రి రాసిన మెయిల్ చదివిన కోచ్ ముందుగా అనుకునేది, ఈ కుర్రాడు తన తరఫున తాను మాట్లాడలేడా అని. మెయిల్‌లో రెండే ప్రశ్నలు ఉండాలి. వచ్చే ఏడాది చేరేవారిలో మీకు కిక్కర్ అవసరం ఉందా? ఈ జూన్‌లో మీరు ఏయే క్యాంపుల్లో ఉంటారు? వారం తర్వాత స్కూల్ కోచ్‌ను అందులో ముగ్గురు నలుగురికి ఫోన్ చేయమని అడగండి. స్కూల్ కోచ్ ఫోన్ చేస్తే తీసే మనిషి, తెలియని కుటుంబం ఫోన్ చేస్తే తీయడు. జవాబు ఇచ్చినవారు ఎక్కడుంటారో ఆ క్యాంపులకే వెళ్లండి, మూడు చాలు. ఒకటి జవాబిచ్చిన కాలేజీ సొంత ప్రాంగణంలో, ఒకటి కారులో వెళ్లిరాగల మెగా క్యాంపు, మూడోది మీ వాడి మనసుపడ్డ పెద్ద కాలేజీ. ఆ మూడోది ఆశ కోసమే అని తెలిసే పంపండి, పదిహేడేళ్ల వయసులో ఆ ఆశ ఖరీదు ఎనభై డాలర్లయితే నేను అడ్డుచెప్పను. విమానం ఎక్కవలసిన క్యాంపు ఏదీ ఈ జాబితాలో ఉండనక్కర్లేదు.

క్యాంపు చివర్లో ఎవరైనా కోచ్ "నీకు ఆఫర్ ఇస్తున్నాం" అంటే ఇంటిల్లిపాదీ పండుగ చేసుకునే ముందు ఒక్కటి గుర్తుంచుకోండి. నోటిమాట ఎవరినీ కట్టిపడేయదు. రాతపూర్వకంగా ఇవ్వడానికి పన్నెండో తరగతి ఆగస్టు 1 దాకా వీలు లేదు. ఆ మాట అన్న కోచ్‌ను, వాక్ ఆన్ స్థానమా, డబ్బుతో కూడినదా, 105 మందిలో చోటు ఖాయమా అని మర్యాదగా అడగడం తప్పేమీ కాదు. సూటిగా జవాబిచ్చే కోచ్ నంబరు దాచుకోండి.

పెళ్లి విషయంలో తండ్రీకొడుకులు అనవసరంగా పోట్లాడుకుంటున్నారు. ఇటీవలి సంవత్సరాల్లో ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ కేలండర్ ప్రకారం అగ్రశ్రేణి జట్లకు జూన్ చివరి వారం నుంచి జులైలో చాలా రోజుల దాకా డెడ్ పీరియడ్ నడుస్తోంది. ఆ రోజుల్లో కోచ్‌లు ఆటగాళ్లను ముఖాముఖి కలవకూడదు, వాళ్ల ఆటను ప్రత్యక్షంగా చూడకూడదు. అంటే మీ అబ్బాయి గుంటూరులో పెళ్లి పందిట్లో ఉన్న వారం ఇక్కడ వాడు కోల్పోయేది పెద్దగా ఏమీ ఉండదు. ఈ ఏడాది తేదీలను కేలండర్‌లో సరిచూసుకొని, మూడు క్యాంపులనూ జూన్ మొదటి మూడు వారాల్లో పెట్టుకొని, ఆ తర్వాతి తేదీకి ముగ్గురికీ టికెట్లు తీసుకోండి. గాలి తీసిన బంతులు రెండు, పంపు ఒకటి, బంతిని నిలబెట్టే కడ్డీ ఒకటి సూట్‌కేసులో పెట్టుకోమనండి. దిమ్మ మాత్రం తేవద్దనండి.