మిగిలిన రోస్ట్ బీఫ్ విలువ ఎన్ని పౌండ్లు?

ప్రశ్న: మాది గుంటూరు. ఇంగ్లండ్‌లో లీడ్స్‌లో నర్సుగా చేస్తున్నాను. మా వారు ఇక్కడివారే. ప్రతి ఆదివారం అత్తగారు, మామగారు భోజనానికి వస్తారు. ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురం. 30 పౌండ్లు పెట్టి 2 కిలోల టాప్‌సైడ్ (వెనక తొడ భాగం) బీఫ్ తెచ్చి రోస్ట్ చేస్తాం. అరకిలో పైనే మిగులుతుంది. సోమవారం కొంత శాండ్‌విచ్‌లకు పోతుంది, మిగతాది గురువారానికి చెత్తబుట్టలో పడుతుంది. చిన్న ముక్క తెద్దామంటారు ఆయన. వచ్చినవాళ్లకు చాలకపోతే ఎట్లా అని నా బాధ. మధ్యాహ్నాలు ఇద్దరం డ్యూటీ దగ్గరే మీల్ డీల్ (శాండ్‌విచ్, చిరుతిండి, డ్రింక్ కలిపి ఒకే ధరకు అమ్మే లంచ్) కొనుక్కుంటాం. బుధవారం నాకు లేట్ షిఫ్ట్ కాబట్టి ఆ రాత్రి టేక్‌అవే. ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ వాడుకున్న బ్యాంకు బాకీ) 800 పౌండ్ల దగ్గరే ఆగిపోయింది, ఎంతకీ తగ్గడం లేదు. మిగిలిన బీఫ్‌తో ఏం చేస్తే నాలుగు డబ్బులు వెనకేసుకోవచ్చు?

జవాబు: ముందు మీ ఆదివారం లెక్క వేద్దాం. 2 కిలోల పచ్చి మాంసం ఓవెన్‌లోంచి బయటికి వచ్చేసరికి నీరూ కొవ్వూ పోయి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. అంటే కిలోన్నర. మీరు కిలో 15 పౌండ్లకు కొన్నామనుకుంటున్నారు గానీ, పళ్లెంలోకి వచ్చేసరికి అది కిలో 20 పడింది. తలా 150 గ్రాములు తిన్నా ఆరుగురికి 900 గ్రాములు. మిగిలేది 600 గ్రాములు, అంటే 12 పౌండ్ల సరుకు. అందులో సగం పారేస్తున్నారనుకున్నా ఏడాదికి 300 పౌండ్లు పైనే.

ఈ 12 పౌండ్ల అంకె చూసి కంగారు పడి, ఎలాగైనా దాన్ని 'వాడెయ్యాలి' అనుకోకండి. ఆ డబ్బు శనివారం మాంసం కౌంటర్ దగ్గరే అయిపోయింది. మీరెంత బాగా వండినా తిరిగి రాదు. ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న ముక్కను ఒక్కటే అడగాలి: నువ్వు నా చేత ఏ ఖర్చు మాన్పిస్తావు? మానిన ఖర్చు ఎంతో దాని విలువ అంత.

మిగిలిన రోస్ట్‌తో ఏం చేయాలని వెతికితే స్ట్రోగనాఫ్ (క్రీమ్ సాస్‌లో వండే బీఫ్) అనో, పఫ్ పేస్ట్రీ చుట్టిన పై అనో వస్తుంది. నోరూరిస్తాయి, కాదనను. కానీ వాటికోసం సౌర్ క్రీమ్, మష్రూమ్‌లు, పేస్ట్రీ షీట్ కొంటే 8, 9 పౌండ్లు బిల్లవుతుంది. ఆ రాత్రి మీరు ఎలాగూ ఇంట్లో పప్పన్నమే తినేవాళ్లయితే, 6 పౌండ్ల బీఫ్ కాపాడటానికి కొత్తగా 9 పౌండ్లు ఖర్చు పెట్టినట్టు. అది వంట సరదా కింద రాసుకోండి, పొదుపు కింద మాత్రం వద్దు.

మీ ఉత్తరంలో మానగలిగిన ఖర్చులు రెండు కనిపిస్తున్నాయి. మొదటిది మీల్ డీల్. ఒక్కోటి 4 పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది. ఒక శాండ్‌విచ్‌కి 75 గ్రాముల బీఫ్ ధారాళంగా సరిపోతుంది. రొట్టె, కాస్త ఆవపిండి సాస్ లేదా హార్స్‌రాడిష్ (ఘాటైన వేరుతో చేసే సాస్), ఓ పండు కలిపి ఒక పౌండ్ వేసుకున్నా లంచ్ డబ్బాకి 3 పౌండ్లు మిగిలాయి. సోమ, మంగళవారాలు ఇద్దరికీ నాలుగు డబ్బాలు, 300 గ్రాముల బీఫ్, 12 పౌండ్లు. సూపర్‌మార్కెట్‌లో పాకెట్ రోస్ట్ బీఫ్ స్లైసులు కొనే అలవాటు కూడా ఉంటే వెంటనే ఆపేయండి. 100 గ్రాములు దాదాపు 3 పౌండ్లు పడతాయి. మీ ఇంట్లో వండింది 2 పౌండ్లే, పైగా రుచి మీ చేతిది.

రెండోది బుధవారం టేక్‌అవే. అసలు డబ్బు ఇక్కడుంది. ఇద్దరికి 20 పౌండ్లు అవుతుందనుకుందాం. మిగతా 300 గ్రాముల బీఫ్ ఆ రాత్రి కోసం సిద్ధంగా ఉంటే, కూరగాయలకు 4 పౌండ్లు పోయినా 16 మిగులుతాయి. కానీ ఆ బీఫ్ బుధవారం దాకా ఫ్రిజ్‌లో ఉండకూడదు. వండిన పదార్థం మిగిలితే ఒకటి రెండు గంటల్లో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, 48 గంటల్లో తినేయాలి అని అక్కడి ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ, ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ, చెబుతుంది. ఫ్రిజ్ 5 డిగ్రీలు దాటకూడదు. మీరు గురువారం దాకా ఉంచి అప్పుడు వాసన చూస్తున్నారు, అందుకే పారేయాల్సి వస్తోంది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే తగ్గాక కూడా 48 గంటలు డ్యూటీకి రానివ్వరని నర్సుకి నేను చెప్పక్కర్లేదు. ఎక్స్‌ట్రా షిఫ్ట్ ఒకటి పోయిందంటే ఈ లెక్కంతా తలకిందులు.

కాబట్టి పని ఆదివారమే అయిపోవాలి. అత్తగారు వాళ్లు టీ తాగుతుండగానే ముక్కను కోసేయండి. పెద్ద ముక్క చల్లారడానికి చాలాసేపు పడుతుంది, పల్చగా కోస్తే త్వరగా చల్లారుతుంది. సగం డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి. మిగతా సగం రెండు సంచుల్లో పల్చగా పరిచి, రెండు గరిటెల గ్రేవీ పోసి, తేదీ రాసి ఫ్రీజర్‌లోకి. గ్రేవీ ఉంటే మాంసం ఎండిపోదు. మంగళవారం రాత్రి ఆ సంచులు కింద ఫ్రిజ్‌లోకి దించితే బుధవారానికి కరిగి ఉంటుంది. కరిగాక 24 గంటల్లో తినేయాలి, మళ్లీ వేడి చేసేది ఒక్కసారే, అదీ పొగలు కక్కేలా.

వంట విషయంలో నాకు తోచింది చెబుతాను. టాప్‌సైడ్‌లో కొవ్వు తక్కువ. ఒకసారి రోస్ట్ అయిన దాన్ని మనం కూర వండినట్టు అరగంట ఉడికిస్తే చెప్పుల తోలు అవుతుంది. మసాలా కూడా లోపలికి పట్టదు. అందుకని ముందు ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, కరివేపాకు, దంచిన మిరియాలు వేసి ఆ మసాలానే పూర్తిగా మగ్గించాలి. బీఫ్‌ని పోగుకి అడ్డంగా సన్నగా చీల్చి చివరి ఐదు నిమిషాల్లో వేయాలి. ఇండియన్ షాపులో కొన్న గోంగూర పచ్చడి సీసా ఇంట్లో ఉంటే ఆ ఉల్లిపాయల్లో ఒక చెంచా కలపండి. గుంటూరు మనిషికి ఇంతకంటే చెప్పను. పిల్లలకి కారం పడకపోతే కాటేజ్ పై. బీఫ్‌ని కత్తితో సన్నగా తరిగి, ఉడికించి చల్లార్చిన ఉల్లి, క్యారెట్, గ్రేవీతో కలిపి, పైన మెదిపిన బంగాళదుంప పరచాలి. ఆదివారం అన్నీ చల్లగానే అమర్చి ఫ్రీజ్ చేయండి. పొయ్యి మీద మళ్లీ వేడి చేయొద్దు. బుధవారం ఓవెన్‌లోకి వెళ్లేదే దాని ఒకే ఒక్క వేడి. గంట ఓవెన్‌కి కరెంటు పాతిక, ముప్పై పెన్స్ అవుతుంది. దానికి టెన్షన్ పడొద్దు.

ఇదంతా మీ అత్తగారికి తెలియనిది కాదు. ఆదివారం వేడిగా, సోమవారం చల్లగా, మంగళవారం బంగాళదుంపలతో వేయించి, ఆ తర్వాత కీమాగా, కూరగా, సూప్‌గా ఒకే ముక్కను వారమంతా నడిపించడం ఇంగ్లీషు ఇళ్లలో పాత పద్ధతి. సోమవారం బట్టలుతికే రోజు, వంటకి తీరిక ఉండేది కాదు, అందుకే చల్లటి మాంసం. ఫ్రిజ్ లేని రోజుల్లో అలా చేశారని మీరు ఆరు రోజులు ఉంచకండి. యుద్ధకాలంలో 1940 మార్చిలో మొదలైన మాంసం రేషన్ 1954 జులై దాకా సాగింది. మిగతా సరుకుల్లా తూకం ప్రకారం కాదు, ధర ప్రకారం ఇచ్చేవారు. మొదట్లో పెద్దవాళ్లకు వారానికి 1 షిల్లింగ్ 10 పెన్స్ (అప్పటి నాణేల్లో) విలువైన మాంసం. చవక భాగం కొంటే ఎక్కువ వచ్చేది. బడ్జెట్ అంటే ఏమిటో ఆ తరానికి ఎవరూ క్లాసు చెప్పనక్కర్లేదు. మీ ఆయన కంటే ముందు మీ అత్తగారితో మాట్లాడి చూడండి.

ఇక మీ ఇద్దరి తగువు. ఆయన మాట ప్రకారం 1.4 కిలోల ముక్క తెస్తే 21 పౌండ్లు, వండాక కిలో మీద కాస్త. ఆరుగురికి సరిపోయి 150 గ్రాములు మిగులుతుంది కూడా. కాబట్టి అతిథులకు చాలదన్న భయం అక్కర్లేదు. పెద్ద ముక్కకి మీరు అదనంగా పెడుతున్నది 9 పౌండ్లు. ఒక్కో లంచ్ డబ్బాకి 3 పౌండ్లు మిగులుతాయనుకున్నాం కదా. చిన్న ముక్కతో వచ్చే రెండు డబ్బాలు కాకుండా, ఇంకో మూడు మీల్ డీల్‌లు మానగలిగితే ఆ 9 తిరిగి వచ్చినట్టు. బుధవారం టేక్‌అవే కూడా మానితే పెద్ద ముక్కే లాభం. రెండూ జరగని వారం ఆయన మాటే నిజం. 2025 వేసవిలో అక్కడ బీఫ్ ధర ఏడాది ముందుకంటే దాదాపు నాలుగో వంతు పెరిగింది కాబట్టి, మీరు సెలవుల్లో ఉండే వారం, నైట్ డ్యూటీలు పడిన వారం నిస్సంకోచంగా చిన్నదే తెండి. నెలకో ఆదివారం చికెన్ చేస్తే మీ మామగారు అలిగిపోరనుకుంటాను.

ఓవర్‌డ్రాఫ్ట్ సంగతి అన్నింటికంటే ముఖ్యం. అక్కడ చాలా బ్యాంకుల్లో దాని మీద వడ్డీ ఏడాదికి 40 శాతానికి దగ్గరగా ఉంటుంది. 800 పౌండ్లు నెలంతా మైనస్‌లో ఉంటే నెలకు 22, 23 పౌండ్లు వడ్డీకే పోతున్నాయి. ఏ నెలా తగ్గకపోవడానికి కారణం, జీతం పడగానే పైకి వచ్చి, నెలాఖరుకి మళ్లీ అక్కడికే దిగడం. మిగిల్చిన 3 పౌండ్లు, 16 పౌండ్లు అదే ఖాతాలో ఉంటే ఇంకేదో ఖర్చులో కలిసిపోతాయి. అందుకని బ్యాంకు యాప్‌లోనో, ఫోన్ చేసో ఓవర్‌డ్రాఫ్ట్ లిమిట్‌నే నెలకు 60 పౌండ్ల చొప్పున తగ్గించుకుంటూ రండి. డబ్బాల మీద నెలకు 48, టేక్‌అవే రెండు బుధవారాలు మానితే 32, మొత్తం 80 అవుతుంది. అన్ని వారాలూ అనుకున్నట్టు జరగవు కాబట్టి 60 అంటున్నాను. ఇప్పుడు కడుతున్న వడ్డీ తగ్గేకొద్దీ ఆ తేడా కూడా అందులోకే వెయ్యండి. ఏడాదిలోపు బాకీ తీరిపోతుంది. కొత్త ఐసా ఖాతా (అక్కడ వడ్డీ మీద పన్ను పడని పొదుపు ఖాతా) తెరవడం, ఇండియాలో ఎఫ్‌డీ వేయడం అప్పటిదాకా వాయిదా వేయండి. 40 శాతం బాకీ పెట్టుకుని 6, 7 శాతం వడ్డీ కోసం డిపాజిట్ చేయడంలో అర్థం లేదు. గుంటూరులో అమ్మగారి పేరున నగల షాపులో నెలవారీ బంగారం స్కీమ్ లాంటిదేమైనా కడుతుంటే, నడుస్తున్నది మధ్యలో ఆపకండి, ఆపితే బోనస్ పోతుంది. అది పూర్తయ్యాక రెండోది మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకండి.

వచ్చే జీతం పడిన రోజే లిమిట్ 740కి దించండి. ఆ వారాంతం మాంసం కొనే ముందు మీ ఇద్దరి షిఫ్టులు చూసుకుని, ఎన్ని డబ్బాలు కట్టగలరో లెక్కపెట్టాకే ముక్క సైజు చెప్పండి.