పర్లాకిమిడి మేడ మీద గ్రహణం వేళలు రాయడం

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

2028 డిసెంబరు 31 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణాన్ని బడి పిల్లలకు చూపిస్తానన్నావు. చాలా సంతోషం నాయనా. ఊరికే చూపించి పంపెయ్యకు, వేళలు రాయించు. రాత లేకపోతే తెల్లారేసరికి "ఎర్రగా ఉంది" అన్న ముక్క ఒక్కటే మిగుల్తుంది.

సుమారు వేళలివి: పట్టు (భూమి నీడ తాకడం) 8:37, నిమీలనం (చంద్రుడు పూర్తిగా మునగడం) 9:46, మధ్యకాలం 10:22, ఉన్మీలనం (మళ్లీ వెలుగు తొంగిచూడడం) 10:58, విడుపు (నీడ పూర్తిగా వదలడం) 12:06. ఇళ్లలో పట్టుకు ముందే భోజనాలు ముగిస్తారు కాబట్టి పిల్లల్ని 8 గంటలకల్లా తినేసి రమ్మను.

సంపూర్ణం వేళకు చంద్రుడు బాగా పైకెక్కి ఉంటాడు. మహేంద్రగిరి వైపు కొండలు అడ్డం రావు గానీ మెడలు పట్టేస్తాయి. కుర్చీలొద్దు, చాపలు, నవారు మంచాలు వేయించు. 7×50 బైనాక్యులర్ చాలు. పైకి చూసే అద్దం మీద ధనుర్మాసపు మంచు ఇట్టే పడుతుంది. అట్టతో జానెడు గొట్టం చుట్టి ముందు తొడుగు. అయినా మసకేస్తే తుడవకు, అలుకుపోతుంది. పొడి తువ్వాల్లో చుట్టి కాసేపు ఒంటికి ఆనించుకుంటే ఆరిపోతుంది.

ఇద్దరిద్దరిని జత చెయ్యి. ఒకరు చూడాలి, ఇంకొకరు ఫోను గడియారం చూసి సెకన్లతో సహా రాయాలి. నీడ చంద్రుడి తూర్పు అంచు నుంచి ఎక్కుతుంది. చంద్రుడి మీది గుంతలే గుర్తులు: ఆ పక్కనే నల్లటి కోడిగుడ్డు మచ్చలా ఉండేది గ్రిమాల్డీ. తళుక్కుమనే చుక్క అరిస్టార్కస్. సున్నం చిమ్మినట్టు చారలు విరజిమ్మేది టైకో. ఏది ముందు మునుగుతుందో నువ్వు చెప్పకు, వాళ్లనే రాయనీ. పెద్ద మచ్చలకు నీడ తాకిన క్షణం, పూర్తిగా కప్పిన క్షణం రెండూ రాసి సగటు తీయించు. మన గాలిపొర వల్ల నీడ అంచు గీత గీసినట్టు ఉండదు, కాబట్టి జతకూ జతకూ అర నిమిషం తేడా మామూలే. తేడా వచ్చిందని ఎవరూ దిద్దకూడదు.

ఎక్కువమంది తప్పేది నిమీలనం దగ్గర. ఈసారి చంద్రుడు నీడ నడిమధ్యకు ఉత్తరంగా వెళ్తాడు. అందుకని ఉత్తరపు అంచు సంపూర్ణంలోనూ కాస్త తేటగా ఉండి, ఇంకా మునగలేదనిపిస్తుంది. తెల్లటి వెలుగు ఆఖరి బొట్టు ఆరిన క్షణమే నిమీలనం.

రంగుకు 0 నుంచి 4 దాకా మార్కులేయించు. చంద్రుడు కనపడీ కనపడనట్టుంటే 0, ముదురు ఎరుపు, తుప్పు రంగైతే 2, తోమిన రాగి చెంబులా మెరిస్తే 4. ఈ గ్రహణం కుటుంబంలోనిదే 1992 డిసెంబరు 10 తెల్లవారుజామున వచ్చింది. అంతకు ముందు ఏడాది ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలి ఆకాశానికెక్కిన దుమ్ము వల్ల అప్పుడు చంద్రుడు బాగా నల్లబడ్డాడు.

కుటుంబం అంటే ఏమిటో పిల్లలకు లెక్క వేసి చూపించు. చంద్రుడి దారి 5 డిగ్రీలు వాలి ఉంటుంది, కనుకే ప్రతి పున్నమికీ గ్రహణం రాదు. ఆ దారి సూర్యుడి దారిని దాటే రెండు చోట్లే రాహుకేతువులు. సూర్యుడు రాహువు దగ్గరకు తిరిగి రావడానికి 346.62 రోజులు. అలాంటివి 19 అయితే 6585.78 రోజులు. 223 పున్నములు 6585.32 రోజులు. రెండూ దాదాపు కలిశాయి కాబట్టి 18 ఏళ్ల 11 రోజులకు అదే తీరు గ్రహణం మళ్లీ వస్తుంది. అలా వరసగా వచ్చేవన్నీ ఒక కుటుంబం. మధ్యలో లీపు సంవత్సరాలు అయిదొస్తే 10 రోజులే. కలవని ఆ అర రోజు వల్లే ఏ కుటుంబమైనా వెయ్యేళ్లు దాటాక ఎప్పటికో అంతరిస్తుంది.

18 ఏళ్లకు ఇక్కడే మళ్లీ చూడొచ్చని మాత్రం చెప్పకు. మిగిలిన 0.32 రోజు అంటే 8 గంటలు, ఆలోగా భూమి మూడో వంతు తిరిగిపోతుంది. 2010 డిసెంబరు 21న వచ్చింది మనకు మధ్యాహ్నం, అందుకే కనపడలేదు. 2047 జనవరి 12ది తెల్లవారుజామున మొదలై, గ్రహణంతోనే చంద్రుడు అస్తమిస్తాడు.

బైనాక్యులర్ దొరకని జతలు చిన్నబుచ్చుకుంటే పఠాణి సామంత గురించి చెప్పు. మన ఒడిశాలోనే, ఖండపడాలో, టెలిస్కోపు లేకుండా వెదురు, కర్ర పరికరాలతో ఆకాశం కొలిచాడు.

ఆ రాత్రి 12 గంటలకు కొత్త సంవత్సరం టపాసులు మొదలవుతాయి, విడుపు 12:06కి. పొగ కమ్మి వేళ సరిగా దొరక్కపోతే అంచనాగా నింపనీయకు. ఆ గడి ఖాళీగా ఉంచి పక్కన "పొగ" అని రాయించు.

నీ పెదనాన్న