చదివింది బీటెక్, నిలబడేది మెషిన్ దగ్గరా?

ప్రశ్న: తిరుపతిలో ఈ ఏడాదే బీటెక్ మెకానికల్ పూర్తి చేశాను. హోసూరులో ప్రెసిషన్ పార్టులు చేసే కంపెనీ నుంచి గ్రాడ్యుయేట్ ట్రెయినీగా ఆఫర్ వచ్చింది. మొదటి ఏడాదంతా షాప్ ఫ్లోర్‌లోనే, షిఫ్టుల్లో పని అంటున్నారు. నాకేమో డిజైన్ ఇష్టం. ఇంట్లోవాళ్లు ‘ఐటీఐ వాళ్లు చేసే పనికి నాలుగేళ్ల చదువెందుకు’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది, చేరమంటారా?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: చేరండి. డిజైన్ ఇష్టమన్నారు కాబట్టి ఇంకా గట్టిగా చెబుతున్నా. క్యాడ్‌లో ఒక రంధ్రం గీసి పక్కన ‘25 హెచ్7’ అని రాయడం నిమిషం పని, కానీ ఆ రాతకు అర్థం ఏమిటంటే రంధ్రం 25 మిల్లీమీటర్లకు ఏమాత్రం తగ్గకూడదు, పెరిగినా 21 మైక్రాన్లు దాటకూడదు అని. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. కాలేజీ ల్యాబులో మీరు వాడిన వెర్నియర్ 0.02 మిల్లీమీటర్ దాకానే చూపిస్తుంది, అంటే 20 మైక్రాన్లు, దాదాపు మీకున్న టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) అంతా దాని ఒక్క గీతకే సరిపోయింది. మరి ఆ రంధ్రాన్ని దేనితో కొలవాలి, డ్రిల్లింగ్ చాలా, రీమింగ్ (రంధ్రాన్ని సన్నగా చెక్కి కచ్చితమైన సైజుకు తేవడం) కావాలా, టూల్ అరిగేకొద్దీ ఆఫ్‌సెట్ (మెషిన్‌లో ఇచ్చే కొలత సవరింపు) ఎప్పుడు మార్చాలి? ఇవి చూడని డిజైనర్ అవసరం లేనిచోట కూడా టాలరెన్స్ బిగించేస్తాడు, పార్టు ఖరీదు ఊరికే పెరుగుతుంది.

ఎండ సంగతీ చూడండి. ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మన రేణిగుంట ఎండల్లో 40 డిగ్రీలున్న షెడ్డులో 100 మిల్లీమీటర్ల ఉక్కు పార్టు ఆ లెక్కన 23 మైక్రాన్లు పెరిగి ఉంటుంది, అల్యూమినియం అయితే దానికి రెట్టింపు. మెషిన్ మీంచి తీసి వేడివేడిగా కొలిచి ఓకే చేసిన పీసు, ఇన్‌స్పెక్షన్ గదిలో చల్లబడ్డాక రిజెక్ట్ అవుతుంది. ఈ సూత్రం పరీక్షలో మీరు రాసే ఉంటారు, అది ఒక బ్యాచ్ మొత్తాన్ని ఎలా పాడుచేస్తుందో మాత్రం అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

ఇంట్లోవాళ్ల మాటకొస్తే, ఐటీఐ చేసిన సీనియర్ ఆపరేటరే అక్కడ మీ మొదటి గురువు. ఆయన్ని అన్నా అని పిలిచి, సెట్టింగ్ ఎలా చేస్తున్నాడో అడిగి నేర్చుకోండి. చిత్తూరు వైపు వాళ్లకు తమిళం ఎంతోకొంత వస్తుంది కదా, హోసూరులో బాగా పనికొస్తుంది. ఇక కొలత ఎందుకు తప్పుతోందో రీడింగులు రాసుకుని, కారణం పట్టుకుని, ఫిక్చరో (పార్టును కదలకుండా పట్టి ఉంచేది) మెషిన్ ప్రోగ్రామో మార్చి మళ్లీ రాకుండా చేయడం, మీ నాలుగేళ్ల చదువు అక్కడ అక్కరకొస్తుంది.

చేరేముందు రెండు విషయాలు అడగండి: ఏడాదిలో ప్రోగ్రామింగ్, క్వాలిటీ విభాగాలకు కూడా తిప్పుతారా, బాండ్ ఎన్నాళ్లు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఒప్పుకోకండి. చూపించి జిరాక్సులు ఇవ్వండి.

ప్రశ్న: మెకానికల్ చదివాను. సీఎంఎం (పార్టుల కొలతలు కచ్చితంగా తీసే మెషిన్) కోర్సు చేస్తే శ్రీసిటీలో ఉద్యోగం గ్యారంటీ అని ఒక ప్రైవేటు సెంటర్ వాళ్లు చెబుతున్నారు. ఫీజు కట్టనా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. గ్యారంటీ ఇస్తామన్నది కాగితం మీద రాసిమ్మని అడగండి, ఏమంటారో చూడండి. సీఎంఎం మెషిన్ నడపడం త్వరగానే వస్తుంది. డ్రాయింగ్ చూసి డేటమ్ (కొలతలు మొదలుపెట్టే ఆధారం) ఏది, ముందు ఏ ముఖాన్ని తాకాలి అని తేల్చుకోవడమే అసలు పని, కాబట్టి జీడీ అండ్ టీ (డ్రాయింగ్‌లో ఆకారం, స్థానాలకు టాలరెన్స్ చూపించే గుర్తుల పద్ధతి) గట్టిగా నేర్చుకోండి. శ్రీసిటీలో ఇసుజు వాహనాలు, ఆల్‌స్టోమ్ మెట్రో కోచ్‌లు, డైకిన్ ఏసీలు తయారవుతాయి. ఎక్కడ అప్లై చేసినా ఆ ఉద్యోగం అసెంబ్లీలోనా, మెషినింగ్‌లోనా, క్వాలిటీలోనా అని ముందే కనుక్కోండి. కోర్సే చేయాలనుకుంటే హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో ఏమున్నాయో చూడండి. అంతకంటే ముందు కేంద్రం వారి అప్రెంటిస్ శిక్షణ పోర్టల్ నాట్స్‌లో పేరు నమోదు చేసుకోండి, గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా తీసుకుంటే ఏడాదిపాటు స్టైపెండ్ ఇచ్చి మరీ నేర్పిస్తారు.