తాడు పొడుగ్గా వదులు

చిరంజీవికి ఆశీస్సులు.

సొంత పడవ కొన్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. నడపడం నీకు నీళ్లే నేర్పుతాయి. రేవులో కట్టడం మాత్రం ఎవరో ఒకరు చెప్పాల్సిందే. ఎందుకంటే తప్పుగా కట్టినవాడికి ఆ బాధ తెలియదు, పక్కవాడికే తెలుస్తుంది.

చిన్న పడవలు గుంపుగా చేరే ఉమ్మడి రేవులో కొత్తవాళ్లు చేసే మొదటి పని, పడవను గట్టుకు బిగించి కట్టేయడం. ఎక్కడికి కొట్టుకుపోతుందో అని భయం. అలా కట్టినవి నాలుగుంటే చాలు, అయిదోవాడికి కాలు మోపే చోటుండదు. ముందు కొసకు ఒకే తాడు కట్టు, దాని పొడవు నీ పడవ పొడవుకు తగ్గకుండా చూసుకో. తర్వాత వచ్చినవాడు నీ పడవను చేత్తో పక్కకు తోసి సందు చేసుకుంటాడు. తోయనీ, దానివల్ల నీకు పోయేదేమీ లేదు. వెనక లంగరు వేయకు. గాలి మారితే మిగతా పడవలన్నీ తిరుగుతాయి, కదలకుండా నిలిచిన నీ పడవకే వచ్చి తగులుతాయి. తాళం వేసే గొలుసు కూడా పొడుగ్గానే ఉండాలి. నీరు వడిగా పారేచోట అందరూ ముందూ వెనకా కట్టి ఉంటే నువ్వూ అలాగే కట్టు. అక్కడ ముందుగా చేరినవాళ్ల పద్ధతే చట్టం.

గుంజకు అప్పటికే ఎవరిదో తాడు ఉచ్చు వేసి ఉంటుంది. నీ ఉచ్చు దాని మీద పడేశావంటే, ఆయన బయలుదేరడానికి ముందు నీ తాడు తీయాలి. అలా కాకుండా, నీ ఉచ్చును కింది నుంచి ఆయన ఉచ్చులోంచి పైకి తీసి, అప్పుడు గుంజ తలకు తగిలించు. ఇద్దరిలో ఎవరు ముందు వెళ్లినా రెండో తాడు విప్పే పని ఉండదు. చదివితే గారడీలా ఉంటుంది కానీ, ఇంట్లో ఒక కర్ర నిలబెట్టి రెండు తాళ్లతో వేసి తీసి చూడు. ఇనుప కడియమైతే రెండు చుట్లు తిప్పి, పైన రెండు అర ముళ్లు వేయి, అంటే కొసను అసలు తాడు చుట్టూ తిప్పి, ఆ చుట్టులోంచి లాగి బిగించడం. పడవ గట్టిగా లాగుతున్నా ఆ కట్టు విప్పవచ్చు.

పడవ వెనక తగిలించిన ఇంజనును నీళ్లలోంచి పైకెత్తి వదిలి వెళ్లేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పక్కన గాలి నింపిన రబ్బరు పడవ ఉంటే ఆ ప్రొపెల్లర్ రెక్క దాన్ని చీల్చేస్తుంది. ఇంజను దించే ఉంచు. నేల తగిలేంత తక్కువ నీరైతే ఇంకో చోటు వెతుక్కో.

సముద్రపు పోటు తగిలే రేవుల్లో సాధారణంగా ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల ప్రాంతంలో నీటి హెచ్చుతగ్గులు మరీ ఎక్కువ. పొట్టి తాడుతో కట్టిన పడవ ఆటు సమయంలో గాలిలో వేలాడుతుంది. అంతకన్నా ప్రమాదం, పడవ గట్టు చెక్కల కిందికి దూరడం. నీరు పెరిగేకొద్దీ పైచెక్కలు దాన్ని నొక్కి ముంచేస్తాయి. అందుకని తాడు పొడవుతో పాటు, పడవ ఎటు జరుగుతుందో కూడా కాసేపు నిలబడి చూసి కదులు.

మెట్ల దగ్గరా నిచ్చెన దగ్గరా సరుకు దించడం వరకే, ఆ వెంటనే పడవ జరిపేయి. చోటు లేక వేరే పడవకు ఆనించి కట్టాల్సి వస్తే ముందు అడుగు. దాని మీదుగా గట్టెక్కేటప్పుడు ముందు భాగం నుంచే దాటు, మనుషులు కూర్చునే చోట తొక్కుకుంటూ వెళ్లకు. ఎవరి తాడైనా విప్పక తప్పకపోతే, ఎలా ఉన్నది అలాగే తిరిగి కట్టిపెట్టు.

తేలే ప్లాస్టిక్ తాడు మాత్రం కొనకు, వచ్చేపోయే పడవల ప్రొపెల్లర్లకు చుట్టుకుంటుంది. నైలాను మునుగుతుంది, కుదుపుకు కొంచెం సాగుతుంది కూడా. నా దగ్గర ఒక చుట్ట వాడకుండా ఉంది, దుకాణానికి వెళ్లకముందు ఫోను చేయి.

నీ పెదనాన్న