లైనక్స్‌లో వైఫై ప్రింటర్ పెట్టుకోవాలంటే డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది?

చాలావరకు డ్రైవర్ అవసరమే లేదు. లైనక్స్‌లో ప్రింటింగ్ పనంతా కప్స్ అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. డ్రైవర్ లేకుండానే ప్రింట్ చేసుకునేందుకు ఉన్న ఎయిర్‌ప్రింట్ లేదా ఐపీపీ ఎవ్రీవేర్ అనే పద్ధతిని మీ ప్రింటర్ సపోర్ట్ చేస్తే కప్స్ నేరుగా దాన్నే అడిగి పేపర్ సైజులు, రంగులు, రెండు వైపులా ప్రింట్ చేయగలదా వంటి వివరాలు తెలుసుకుంటుంది. ఉబుంటు సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ తెరిస్తే అది దానంతట అదే కనిపించాలి.

కనిపించకపోతే వెంటనే డ్రైవర్ల వేటలో పడకండి. ముందు నెట్‌వర్క్ చూడండి. ప్రింటర్ గెస్ట్ వైఫైలో, ల్యాప్‌టాప్ మెయిన్ వైఫైలో ఉంటే ఒకదానికొకటి కనిపించవు. నెట్‌వర్క్‌లోని పరికరాలను వెతికే అవాహి అనే సర్వీస్ ల్యాప్‌టాప్‌లో నడుస్తోందా, ఫైర్‌వాల్ యూడీపీ 5353 పోర్టును ఆపుతోందా అన్నది కూడా చూడాలి. ప్రింటర్‌ను వెతికి పట్టుకునేది ఆ దారిలోనే.

అప్పటికీ రాకపోతే ప్రింటర్ స్క్రీన్ మీద ఐపీ అడ్రస్ చూసుకోండి. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్, కోలన్, 631 అని కొడితే కప్స్ పేజీ వస్తుంది. అడ్మినిస్ట్రేషన్‌లో యాడ్ ప్రింటర్ నొక్కి, ఐపీపీ ఎంచుకుని, ఆ అడ్రస్ ఇవ్వండి. మోడల్ అడిగినచోట ఐపీపీ ఎవ్రీవేర్ పెట్టండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగితే మీ లాగిన్ వివరాలే ఇవ్వాలి, కాకపోతే ఆ యూజర్‌కు అడ్మిన్ హక్కులు ఉండాలి.

ఇలా ఐపీతో కలిపితే, రౌటర్‌లో ఆ అడ్రస్‌ను ప్రింటర్‌కే రిజర్వ్ చేయడం మాత్రం మరిచిపోవద్దు. "నిన్నటిదాకా బాగానే పనిచేసింది, ఇవాళ ఆఫ్‌లైన్ అంటోంది" అనే ఫిర్యాదుకు తరచూ కారణం అడ్రస్ మారిపోవడమే.

పాత ప్రింటర్లకు డ్రైవర్ తప్పదు. హెచ్‌పీ అయితే హెచ్‌పీలిప్ ప్యాకేజీ వేసుకోండి.