మంచు రోజుల్లో సదస్సు పెట్టుకున్న అమ్మలుకి

అమ్మలూ,

జనవరి మొదటి వారంలో విజయవాడలో జాతీయ సదస్సు నీ చేతుల మీదుగా జరుగుతోందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంటి పిల్ల అంత పని నెత్తికెత్తుకుందంటే ఎంత సంతోషమేసిందో! కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు.

హాలు, బ్యానర్లు, భోజనాలు నువ్వు చూసుకోగలవు. నా బెంగంతా వచ్చేవాళ్ళ ప్రయాణాల మీదే.

2023లో మిచౌంగ్ తుఫాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు రైళ్ళూ విమానాలూ ఎలా రద్దయ్యాయో చూశావుగా. జనవరికి ఆ భయం తగ్గుతుంది, మంచు బెడద మొదలవుతుంది. ఢిల్లీలో పొగమంచు కమ్మితే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ లాంటి బండ్లు గంటల కొద్దీ లేటవుతాయి. అక్కడికి చేరాల్సిన బండి ఆలస్యమైతే ఇటు బయల్దేరాల్సిందీ ఆలస్యమే. అటునుంచి వచ్చేవాళ్ళని ఒక రోజు ముందే రమ్మను. ఒక రాత్రి గది అద్దె ఎక్కువైతే అవనీ. గన్నవరానికి పొద్దున్నే దిగే విమానం ఎవరికీ బుక్ చేయకు, మధ్యాహ్నందే మేలు.

ఇక అసలు సంగతి. నేను ఉద్యోగంలో ఉండగా గుంటూరులో ఒక సదస్సు జరిగింది. ప్రారంభ సభ తొమ్మిదిన్నరకి. ముఖ్య అతిథిది హైదరాబాద్, ముందురోజు రాత్రి దాకా ఆయనకి అక్కడే పని. "పర్లేదు సార్, తెల్లవారుజామున కారులో బయల్దేరండి" అన్నాడు కార్యదర్శి. డ్రైవరు పాతికేళ్ళు కూడా లేని కుర్రాడు. సాయంత్రం ఇక్కణ్ణుంచి బండి తోలుకెళ్ళి, కార్లోనే ఓ కునుకు తీసి, మూడింటికి మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నాడు. నందిగామ దగ్గరికొచ్చేసరికి దట్టమైన మంచు. లైట్లు వేసినా ఎదురుగా తెల్లటి గోడే. ఆ సమయంలో కార్యదర్శి ఫోన్ మీద ఫోన్, "ఎక్కడిదాకా వచ్చారు?" అని. రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీ దగ్గరికొచ్చాక గానీ కనపడలేదు. పక్కకి తిప్పితే కారు డివైడరెక్కింది. అతిథికి ఏమీ కాలేదు, కుర్రాడి మణికట్టు విరిగింది. ఆస్పత్రికెళితే నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "సార్ టైముకి చేరారాండీ?" అని. జ్యోతి పన్నెండింటికి వెలిగించారు. ఎవరి కొంపా మునగలేదు. ఆ తొందర ఎవరి కోసమమ్మా?

గాలి లేకుండా ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. కాలవలు, తడి పొలాల మీది తేమంతా తెల్లారేసరికి మంచవుతుంది. కాబట్టి రాత్రి చుక్కలు బాగా కనిపిస్తున్నాయని ధీమా పడకు. ఎండెక్కాక, చాలావరకు తొమ్మిదికల్లా విడిపోతుంది. అందుకే పొద్దున సభలో ఊళ్ళోవాళ్ళ చేత మాట్లాడించు, ముఖ్య ప్రసంగం భోజనాల తర్వాత పెట్టు. ఎనిమిదిలోపు ఏ కారూ ఊరు దాటి బయల్దేరకూడదని గట్టిగా చెప్పు. డ్రైవర్లకి పడుకోవడానికి గది ఇవ్వు, అతిథులకి ఇచ్చినట్టే.

బండి నడుపుతున్నవాళ్ళకి మాత్రం ఫోన్ చేయకు. నీ టెన్షన్ నాకు తెలుసు. చిన్నప్పుడు మీ నాన్న ఆఫీసు నుంచి కాస్త లేటైతే అన్నం ముట్టకుండా గేటు పట్టుకుని నిలబడేదానివి. ఆ ప్రేమ మంచిదే తల్లీ, ఆ కంగారు అవతలివాళ్ళకి అంటించకు.

తేదీ రెండో వారానికి జరపమని ఎవరైనా అంటే ఒప్పుకోకు. సంక్రాంతి జనంతో హైదరాబాద్ రోడ్డు టోల్‌గేట్ల దగ్గర కదలదు.

ఎవరు ఏ బండికి వస్తున్నారో రాసి నాకు పంపు. స్టేషన్‌లో దింపుకునే పని నాకివ్వు. ముందురోజు మధ్యాహ్నం బస్సుకి వచ్చేస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న
బ్రాడీపేట, గుంటూరు