సరస్సులు అవే, వెళ్ళే వరస మార్చండి

ఆగస్టులో ఎనిమిది రోజుల సెలవు ఉందని, ఇద్దరు బైకుల మీద, ఒక కుటుంబం పిల్లలతో కారులో వస్తున్నారని, పెద్దగా నడక లేకుండా చూడగలిగే కొండ సరస్సులు చెప్పమని అడిగారు. నేను చూసినవి హిమాచల్, లద్దాఖ్‌లలోని ఐదు: పాంగాంగ్, త్సో మొరీరీ, త్సో కర్, సూరజ్ తాల్, చంద్రతాల్. ఆ దారిలోకి రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ మా తమ్ముడితోనే. మొదటిసారి వాటిలో ఒక్కటీ చూడలేకపోయాం. అందుకే అందాల కన్నా ముందు ఆ సంగతి చెప్తాను.

2016లో మనాలీలో రెండు బైకులు అద్దెకు తీసుకున్నాం. మొదటి రాత్రి కీలాంగ్‌లో పడుకుని, మర్నాడు బారాలాచా లా దాటి సర్చూలో గుడారం తీసుకున్నాం. అక్కడి భాషలో ‘లా’ అంటే కనుమ, ‘త్సో’ అంటే సరస్సు. సర్చూ ఎత్తు దాదాపు 4,290 మీటర్లు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒంటికి అంత ఎత్తున రెండో రాత్రే నిద్ర అంటే ఎలా ఉంటుందో మాకు తెలియదు. చీకటి పడేసరికి తమ్ముడికి తలనొప్పి, ఆ తర్వాత వాంతులు. అర్ధరాత్రి లేచి నిలబడబోయి, “అన్నయ్యా, నేల ఊగుతోంది” అన్నాడు.

ఎత్తు పడనప్పుడు వెంటనే కిందికి దిగాలంటారు. సర్చూలో చిక్కంతా అక్కడే ఉంది. అది రెండు కనుమల మధ్య ఉన్న మైదానం. ఒక వైపు 4,890 మీటర్ల బారాలాచా లా, రెండో వైపు 5,000 మీటర్లు దాటిన లాచులుంగ్ లా. దిగాలన్నా ముందు ఎక్కాల్సిందే. దగ్గరలోని సైనిక శిబిరం వాళ్ళు ఆక్సిజన్ పెట్టారు. వాళ్ళ మేలు ఈ జన్మకు మరచిపోలేను. తెల్లారాక తమ్ముణ్ణి ఒక జీపులో కూర్చోబెట్టి, నేను వెనకాలే బైకు మీద కీలాంగ్ దారి పట్టాను. బారాలాచా లా దిగగానే సూరజ్ తాల్ రోడ్డును ఆనుకునే ఉంటుంది. నేను దాన్ని చూడలేదు. జీపు వెనక అద్దంలోంచి కనిపిస్తున్న వాడి తల మీదే ఉన్నాయి నా కళ్ళు.

2022 జులైలో మళ్ళీ వెళ్ళాం. ఈసారి సొంత బళ్ళను రైల్లో జమ్మూ దాకా పార్సిల్ వేసి, శ్రీనగర్ వైపు నుంచి ఎక్కాం. శ్రీనగర్ 1,600 మీటర్లు, కార్గిల్ 2,700, లేహ్ 3,500. మెట్టు మెట్టుగా పెరుగుతుంది కాబట్టి ఒంటికి అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది. లేహ్‌లో మూడు రాత్రులున్నాం. మొదటి రోజు బండి తాళం ముట్టుకోలేదు.

పాంగాంగ్ గురించి అందరూ రాస్తారు కాబట్టి కొద్దిగానే చెప్తాను. లేహ్ నుంచి చాంగ్ లా మీదుగా దాదాపు 160 కిలోమీటర్లు, మామూలు కారు కూడా వెళ్తుంది. 134 కిలోమీటర్ల పొడవైన ఆ సరస్సులో మన వైపు ఉన్నది మూడో వంతు. మబ్బు నీడ పడితే సిరా రంగు, తొలగితే నెమలికంఠం రంగు, ఒడ్డున మాత్రం గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేట. జనమంతా స్పాంగ్‌మిక్ దగ్గరే ఆగిపోతారు. ఇంకొంచెం ముందుకు, మాన్, మెరాక్ ఊళ్ళ వైపు వెళ్ళండి. అక్కడ గాలి చప్పుడు ఒక్కటే ఉంటుంది.

నా మనసు నిలిచిపోయింది మాత్రం త్సో మొరీరీ దగ్గర. లేహ్ నుంచి ఉప్షీ మీదుగా సింధు నదిని పట్టుకుని వెళ్ళాలి. దారిలో చుమాథాంగ్ దగ్గర, చల్లని సింధు పక్కనే నేలలోంచి వేడినీళ్ళు పొగలు కక్కుతాయి. మాహే వంతెన దాటాక నదిని వదిలేసి కొండల్లోకి తిరిగితే, చివరికి కోర్జోక్ అనే చిన్న ఊరు, దాని కింద 4,522 మీటర్ల ఎత్తున సరస్సు. తెల్లవారుజామున ఒడ్డుకు వెళ్ళి, చేతులు చంకల్లో దాచుకుని కూర్చున్నాం. తల మీద రెండు నల్ల చారలున్న బాతులు పిల్లల్ని వెంటేసుకుని ఈదుతున్నాయి. ముందు తల్లి, వెనక వరసగా ఐదు బూడిదరంగు ముద్దలు. ఆఖరి పిల్ల వెనకబడినప్పుడల్లా తల్లి ఆగుతోంది. చలికాలంలో హిమాలయాలు దాటి దక్షిణ భారతం చెరువుల దాకా వచ్చే జాతి అది. మన వైపు వచ్చే అతిథిని దాని పుట్టింట్లో చూసినట్టనిపించింది. వాటి దగ్గరికి వెళ్ళకండి, డ్రోన్లు ఎగరేయకండి. గూడు పెట్టుకునేందుకు వాటికి ఉన్న చోట్లు చాలా తక్కువ.

అక్కడి నుంచి పూగా లోయ మీదుగా త్సో కర్‌కు మట్టిదారి ఉంది. పూగాలో నేలంతా గంధకం పసుపు, ఆవిరి. త్సో కర్ అంటే తెల్ల సరస్సు. ఒడ్డున ఉప్పు పెచ్చు కట్టి ఉంటుంది. అడుగు వేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడు, కింద నల్లటి బురద. చాంగ్‌పా పశుపాలకులు తరాల పాటు ఇక్కడి ఉప్పు పోగుచేసుకునేవారు. దూరంగా నల్లమెడ కొంగల జంట ఒకటి మేస్తూ కనబడింది. బైనాక్యులర్లు తప్పక తీసుకెళ్ళండి.

తిరుగు దారిలో గాటా లూప్స్ ఇరవై ఒక్క మలుపులూ దిగి సర్చూ చేరాం. పన్నెండు రోజులుగా ఎత్తుల్లో ఉన్నాం కాబట్టి ఇద్దరికీ ఏమీ కాలేదు. తమ్ముడు రెండు గిన్నెల మ్యాగీ తిని, తన పాత గుడారం ఎక్కడుండేదో వెతికాడు. ఆ మధ్యాహ్నమే సూరజ్ తాల్ దగ్గర బళ్ళు ఆపాం. 4,883 మీటర్ల ఎత్తున, చుట్టూ మంచు చారల కొండల మధ్య, దోసిలి పట్టినట్టున్న చిన్న నీలి కొలను. భాగా నది పుట్టేది ఇక్కడే. కొండకు అటు పక్క నుంచి చంద్రా నది చుట్టు తిరిగి వచ్చి తండీ దగ్గర దీనిలో కలుస్తుంది. ఆ కలిసినదే చంద్రభాగ, అంటే చినాబ్. సూర్యుడి కొడుకూ చంద్రుడి కూతురూ ప్రేమించుకుని, కొండ చుట్టి వచ్చి తండీలో ఒకటయ్యారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. గంటసేపు కూర్చున్నాం. “ఆరేళ్ళ కింద ఇది ఇక్కడే ఉందా?” అని అడిగాడు వాడు.

చంద్రతాల్ ఆఖరున చూశాం. గ్రాంఫూ నుంచి బాతల్ దాకా దారి పేరుకే దారి, అంతా బండరాళ్ళూ వాగులూ. ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి వాగులు పొంగుతాయి. పొద్దున మడమలోతు ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి మోకాలు దాటతాయి. వాగులన్నీ పది గంటలలోపే దాటేయాలి. ఎత్తు తక్కువగా ఉండే కార్లు ఇక్కడికి వద్దు. బండి ఆపాక ఒక కిలోమీటరు పైచిలుకు నడవాలి. గుడారాలు సరస్సుకు దూరంగానే వేయనిస్తారు, అది మంచి పని.

ఇక మీ ఎనిమిది రోజుల మాట. లద్దాఖ్ సరస్సులు మూడూ ఈసారికి వదిలేయండి. మనాలీలో ఒక రాత్రి ఆగి, అటల్ సొరంగం గుండా కీలాంగ్ వెళ్ళి అక్కడ రెండు రాత్రులుండండి. మధ్య రోజు సూరజ్ తాల్ చూసి కీలాంగ్‌కే తిరిగి రండి. పగలు ఎత్తుకెక్కినా పడక మాత్రం కిందే ఉండాలి. తర్వాతి రాత్రి సిస్సూలో పడుకుని, తెల్లవారుజామున ఐదింటికల్లా చంద్రతాల్‌కు బయలుదేరండి. పెట్రోలు తండీలో నింపుకోండి. తలనొప్పికి తోడు వాంతులో తూలడమో మొదలైతే ఇంకో మీటరు కూడా పైకి వెళ్ళకండి, వెంటనే కిందికి దిగండి. ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలనుకుంటే ఇక్కడే మీ డాక్టరుని అడిగి వెళ్ళండి, సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి.

లద్దాఖ్‌కు ఎప్పుడైనా వెళ్తే మనాలీ అద్దె బైకులను పాంగాంగ్, త్సో మొరీరీలకు అక్కడి అద్దె బైకులవాళ్ళ సంఘాలు అనుమతించవని, బయటి ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదని గుర్తుంచుకోండి.

ఇంకొక్క మాట. వీలైతే సెలవును సెప్టెంబరు రెండో వారానికి జరుపుకోండి. ఆగస్టులో కులూ వైపు వానలకు కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోతూ ఉంటుంది. సెప్టెంబరులో ఆకాశం తేటపడి, చంద్రతాల్ దారిలో వాగులు కూడా సన్నబడతాయి. పిల్లలున్న కారు ఉందన్నారు కాబట్టి మరీ చెప్తున్నాను.